పండగకెళ్లి ఫోన్ ఆపేస్తే అది రాజీనామా కాదు

సంక్రాంతికి ఊరెళ్లిన కుర్రాడు కనుమ దాటి వారమైనా డ్యూటీకి రాడు. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే స్విచాఫ్. అప్పటికే హైదరాబాద్‌లోనో అచ్యుతాపురంలోనో కొత్త కంపెనీలో చేరిపోయి ఉంటాడు. పైడిభీమవరం మందుల కంపెనీల్లోనైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనైనా టైమాఫీసు వాళ్లకు ఇది కొత్త కాదు. "మానీసినాను కదా, ఇంకేటి?" అని అతను అనుకుంటాడు. కంపెనీ రిజిస్టర్‌లో మాత్రం అది రాజీనామాగా ఎక్కదు, చెప్పకుండా గైర్హాజరైనట్టు ఎక్కుతుంది. ఇంటికి నోటీసులు వస్తాయి, రిలీవింగ్ లెటర్ (మిమ్మల్ని ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు కంపెనీ ఇచ్చే కాగితం) ఆగిపోతుంది, పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం వదిలిన తేదీ పడదు. దాని నొప్పి అప్పుడే తెలియదు. ఇంకో రెండేళ్లకు మంచి కంపెనీవాళ్లు పాత ఉద్యోగం వివరాలు ఆరా తీసినప్పుడు తెలుస్తుంది.

రాజీనామా అంటే మూడు తేదీలు: ఉత్తరం ఇచ్చిన తేదీ, అది అందినట్టు వాళ్లు ఒప్పుకున్న తేదీ, ఆఖరి పనిదినం. ఈ మూడూ కాగితం మీద ఉంటే తరవాత వచ్చే తగాదాల్లో చాలావరకు అక్కడే తెగిపోతాయి.

అందుకే ఉత్తరం రాసే ముందు అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చదవండి. చేరిన రోజున సంతకం పెట్టి బీరువాలో పడేసిన కాగితమే అది. నోటీసు, అంటే మానేసే ముందు చెప్పాల్సిన గడువు, ఎన్ని రోజులో చూడండి. ప్రొబేషన్‌లో ఒకలా, కన్ఫర్మ్ అయ్యాక ఒకలా ఉండొచ్చు. నోటీసు పూర్తిగా చేయలేకపోతే ఎంత కోస్తారో, ఆ కోత బేసిక్ మీదా మొత్తం జీతం మీదా అన్నది ఇంకా ముఖ్యం. నెల జీతం 24,000, బేసిక్ 12,000, తగ్గిన నోటీసు 12 రోజులు అనుకుందాం. మొత్తం జీతం మీదైతే 9,600 పోతుంది, బేసిక్ మీదైతే 4,800. ఆర్డర్‌లో ఒక్క మాట తేడా, జేబులో సగానికి సగం తేడా. మిగిలిన సెలవుల్ని నోటీసులో సర్దుబాటు చేస్తారేమో కూడా ముందే అడగండి.

ఇన్నేళ్లు పని చేస్తామని, మధ్యలో మానేస్తే డబ్బు కడతామని బాండ్ రాసిచ్చినవాళ్లు "అది చెల్లదులే" అన్న మాట నమ్మి దిగిపోవద్దు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన మూడేళ్ల సర్వీసు, రెండు లక్షల రూపాయల షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన ప్రతి బాండూ చెల్లుతుందని కాదు. బాండ్‌లోని మొత్తం, కంపెనీ మీ శిక్షణకు నిజంగా పెట్టిన ఖర్చు, మీరు ఇప్పటికే చేసిన నెలలు లెక్కవేసుకుని తగ్గించమని అడగొచ్చు. ఉత్తరం ఇచ్చాక అడిగేకన్నా ముందే అడగడం మేలు.

కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఇక్కడ నోరు విప్పకండి. ఫోన్‌లో "సెలెక్ట్ అయ్యారు" అనడం ఆఫర్ కాదు. వచ్చాక మొదట మీ పైఅధికారికి నోటిమాటగా చెప్పండి, అదే రోజు ఉత్తరం ఇవ్వండి. క్యాంటీన్లో నలుగురికీ తెలిసి చివరికి ఆయన చెవిన పడితే, హ్యాండోవర్ అయ్యేదాకా ఆ ముఖం మాడుపే చూడాలి.

ఉత్తరం ఐదారు వాక్యాలు మించక్కర్లేదు:

"అయ్యా, నేను ప్రొడక్షన్ విభాగంలో కెమిస్ట్‌గా పని చేస్తున్నాను, ఎంప్లాయీ నంబరు ఫలానా. వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం 30 రోజుల నోటీసు ఇస్తున్నాను. జూన్ 10న ఈ ఉత్తరం ఇస్తున్నందున నా ఆఖరి పనిదినం జూలై 10. నా బాధ్యతలు మీరు సూచించినవారికి అప్పగిస్తాను. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్, తుది లెక్క ఇప్పించగలరు."

ఇంగ్లిష్ తడబడితే తెలుగులో రాయండి, తప్పేం లేదు. కారణం దగ్గర ఆగండి. షిఫ్టు ఇన్‌ఛార్జి మీద కోపం, ఇంక్రిమెంటు రాలేదన్న బాధ ఆ కాగితంలో పెడితే ఏళ్ల తరబడి మీ ఫైల్లోనే ఉంటాయి. ఆఖరి తేదీని మీరే లెక్కగట్టి రాయడం మరవొద్దు. రాయకపోతే "మాకు అందింది 18న" అంటూ ఎనిమిది రోజులు జరుపుతారు.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండో ప్రతి మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. కంపెనీ మెయిల్ ఉంటే దాంట్లోనూ పంపి, మీ సొంత మెయిల్‌కు కాపీ పెట్టండి. ఆఖరి రోజు సాయంత్రానికి కంపెనీ మెయిల్ తెరుచుకోదు. వాట్సాప్‌లో "సార్ రిజైన్ చేస్తున్నా" అని పంపి ఊరుకుంటే చాలదు. ఉత్తరం తీసుకోబోమని మొండికేస్తే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి (పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది).

దీనికి తలకిందులైన సంగతి ఒకటుంది. యాజమాన్యమే పిలిచి "రాజీనామా రాసిచ్చెయ్, సర్టిఫికెట్ మంచిగా ఇస్తాం" అంటే ఆ పూటకు సంతకం పెట్టకండి. ఏడాది నిండిన కార్మికుణ్ణి పని లేదని తీసేస్తే నెల నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. మీరే రాజీనామా రాస్తే ఆ పరిహారం మీ చేత్తో మీరే కొట్టేసుకున్నట్టు. తేదీ వేయని తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు.

ప్రైవేటు స్కూళ్లు, కాలేజీల్లో చేసేవాళ్ల చిక్కు వేరే. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఉంచేసే చోట్లున్నాయి. అవి చేతికి రాకముందు రాజీనామా ఇస్తే బేరం వాళ్ల చేతిలో ఉంటుంది. వెరిఫికేషన్‌కు కావాలని చెప్పి ముందే తెచ్చుకోండి. తేదీ కూడా చూసుకోవాలి. ఏప్రిల్ చివర్లో ఇస్తే వేసవి సెలవులు నోటీసు కింద లెక్కకు వస్తాయా, మే జీతం ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. డీఎస్సీలోనో కానిస్టేబుల్‌గానో ఉద్యోగం వచ్చి మధ్యలో వెళ్లేవాళ్లు నియామక ఉత్తర్వు కాపీ జతచేసి నోటీసు తగ్గించమని అడగాలి. చాలామంది యజమానులు దానికి అడ్డు చెప్పరు.

నోటీసు నెలలో పని నీరసంగా చేయడం మామూలే, కానీ మందుల కంపెనీలో అది ప్రమాదం. మీరు సంతకం పెట్టాల్సిన బ్యాచ్ రికార్డు, లాగ్‌బుక్ ఖాళీగా వదిలేసి వెళ్తే మీ స్థానంలో ఇంకొకరు సంతకం పెట్టడానికి వీల్లేదు, ఆడిట్‌లో పట్టుబడుతుంది. మిమ్మల్ని మళ్లీ గేటు దగ్గరికి పిలుస్తారు. మీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ఆఖరి రోజు లాగిన్ మూయించమని అడగండి. పెండింగు పనులన్నీ ఒక పేజీలో రాసి, అందుకున్నవాళ్లతో సంతకం చేయించుకోండి. కంపెనీకి బాకీ ఏమీ లేదని రాయించుకునే నో డ్యూస్ ఫారానికి ఆఖరి రోజు దాకా ఆగితే స్టోర్స్ ఆయన సెలవులో ఉంటాడు. వారం ముందే మొదలెట్టి సేఫ్టీ బూట్లు, లాకర్ తాళం, బస్ పాస్, ఐడీ కార్డు అప్పజెప్పిన చోటల్లా సంతకం తెచ్చుకోండి.

డబ్బు లెక్క దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ల జీతం బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. అలవాటు మాత్రం ఇంకా నెలా నెలన్నరే, కాబట్టి ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి. మిగిలిన ఆర్జిత సెలవులకు డబ్బు రావాలి. ఫ్యాక్టరీల్లో 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున అవి పోగవుతాయి. బోనస్ సంగతి అందరూ మర్చిపోతారు: ఆ ఆర్థిక సంవత్సరంలో కనీసం 30 రోజులు పని చేసి, జీతం పరిమితి లోపల ఉంటే, డిసెంబరులో మానేసినా ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా బోనస్ మీదే. అది తరువాతి ఏడాది పండగ వేళ ఇస్తారు కాబట్టి బ్యాంకు ఖాతా నంబరు మార్చకండి.

గ్రాట్యుటీకి, అంటే ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు మానేసేటప్పుడు ఇచ్చే డబ్బుకు, పర్మనెంటు ఉద్యోగులకు అయిదేళ్ల సర్వీసు కావాలి. నాలుగేళ్ల పది నెలలకు ఉత్తరం ఇచ్చేవాళ్లు క్యాలెండర్ చూసుకుంటే మంచిది. ఆఖరి బేసిక్, డీఏ కలిపి 14,000, సర్వీసు ఆరేళ్ల ఏడు నెలలు అయితే ఆరు నెలలు దాటింది గనక ఏడేళ్లుగా పడుతుంది. 14,000ను 15తో, 7తో హెచ్చవేసి 26తో భాగిస్తే 56,538 రూపాయలు. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లు కాంట్రాక్టర్ మారినప్పుడల్లా తమ చేరిన తేదీ మారిపోయిందేమో పాత పే స్లిప్పుల్లో చూసుకోవాలి. ఇక "నాకు రావలసినదంతా ముట్టినది" అన్న వోచరు మీద సంతకం డబ్బు ఖాతాలో పడ్డాకే. అడిగినా రాకపోతే ఉత్తరం, రసీదు, పే స్లిప్పులతో జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లొచ్చు.

పీఎఫ్ పని మాత్రం ఉద్యోగంలో ఉండగానే చూడాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పీఎఫ్‌లో పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర ఇంటింటి కథ. పెళ్లయిన ఆడవాళ్లకు తండ్రి పేరు, భర్త పేరు తారుమారు కావడం ఇంకొకటి. సరిదిద్దడానికి యజమాని ఆమోదం కావాల్సి వస్తే మీరు బయటికి వెళ్లాక ఆ ఆమోదం కోసం ఎన్ని ఫోన్లు చేయాలో చెప్పలేం. కొత్త చోట చేరే తేదీ పాత చోట ఆఖరి తేదీ తరవాతే ఉండాలి. రెండు చోట్ల తేదీలు ఒక్క రోజు అడ్డంగా కలిసినా ఖాతా బదిలీ దగ్గర వివరణ అడగొచ్చు. కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే, ఆఖరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు ఆగి పీఎఫ్ పోర్టల్‌లో 'మేనేజ్' కింద 'మార్క్ ఎగ్జిట్' తెరిచి, ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. వేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని అందులోని తేదీయే వేయండి.