బొగ్గుల గ్రిల్ మీద సెగను అదుపులో పెట్టడం: నా అనుభవం

కనుమ రోజు మా ఇంట్లో కోడి మేడ మీద బొగ్గుల గ్రిల్‌లోనే కాలుతుంది. మసాలా అమ్మ పట్టిస్తుంది, నిప్పు నా బాధ్యత. ఎముకతో ఉన్న లెగ్ పీసు లోపలిదాకా ఉడకాలి, పైన మాడకూడదు. చుట్టాలందరికీ వాయి తర్వాత వాయి అందుతూ ఉండాలి. ఇందుకోసం మాంసం కంటే బొగ్గు గురించే ఎక్కువ నేర్చుకోవాల్సి వచ్చింది.

బొగ్గు మా పేటలో ఇస్త్రీ బండివాళ్లు కొనేచోటే కొంటాను. ఎక్కువగా సర్కారు తుమ్మది. గట్టిగా, బరువుగా ఉండి చాలాసేపు నిలుస్తుంది. తేమ పట్టిందంటే మాత్రం చిటపటలాడుతూ రవ్వలు ఎగరేస్తుంది, అందుకే ముందురోజే ఎండబోస్తాను. రెండు ముక్కలు తాటిస్తే ఖంగుమనాలి. మొద్దుగా వినిపిస్తే అది సగం కాలిన కట్టె, పొగ పెడుతుంది, పక్కన పడేస్తాను.

అంటించడానికి కిరోసిన్ వాడను, ఆ వాసన మాంసానికి పడుతుంది. పిడి ఉన్న ఇనుప గొట్టం, అదే చిమ్నీ స్టార్టర్, నిండా బొగ్గు పోసి కింద కొబ్బరి పీచు వెలిగిస్తే చాలు. వేడిగాలి పైకి లేచేకొద్దీ కింది నుంచి చల్లగాలి దూసుకొస్తుంది, విసనకర్రతో పని లేదు. ఇరవై నిమిషాల్లో పైముక్కల అంచులకు తెల్లటి నివురు కడుతుంది. కుంపటి మీద ఏళ్లతరబడి వండిన మా నాన్నమ్మ "మంట చూసి పెట్టకురా, నివురు పట్టనీ" అనేది. మంట ఎటుపడితే అటు ఊగుతుంది. నివురు పట్టిన నిప్పులు నిలకడగా సెగ ఇస్తాయి.

ఆ నిప్పులన్నీ గ్రిల్‌కు ఒకే పక్కన పోస్తాను, రెండో పక్క ఖాళీ. నా మటుకు నాకు అసలు కిటుకు ఇదే. ఒక వైపు కాల్చే చోటు, ఒక వైపు ఉడికే చోటు. ముక్కలు పెట్టే ఇనుప జల్లెడకు జానెడు ఎత్తులో అరచెయ్యి పెట్టి చూస్తాను: రెండు మూడు సెకన్లకే చెయ్యి తీయాల్సి వస్తే సెగ ఎక్కువ, ఐదారు సెకన్లు ఓర్చుకోగలిగితే మధ్యస్థం.

మిగతాదంతా గాలి. బొగ్గు మండేది దానికి గాలి అందినంత మేరకే. కింది రంధ్రాలు పూర్తిగా తెరిస్తే సెగ పెరుగుతుంది, సగం మూస్తే తగ్గుతుంది. ఆ మార్పు తెలియడానికి పది నిమిషాలు పడుతుంది, తొందరపడి మళ్లీ మళ్లీ కదిపితే ఏదీ కుదరదు. మూతమీది రంధ్రం మాత్రం వంట అయ్యేదాకా తెరిచే ఉంచుతాను. అది మూస్తే పొగ లోపలే తిరిగి మాంసానికి చేదు పడుతుంది. మాటిమాటికీ మూత తీస్తే సెగ పోవడమే కాదు, నిప్పులకు గాలి తగిలి బొగ్గు త్వరగా కరిగిపోతుంది కూడా.

కోడిని స్కిన్‌తోనే కొట్టించుకుంటాం. గాట్లు పెట్టి, పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు ముందు ఖాళీ పక్కన పెట్టి మూత వేస్తాను. దాదాపు ముప్పావుగంట. కొవ్వు నిప్పుల మీద పడక మంటలు లేవవు, కారం మాడదు. కోడిమాంసం తినడానికి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. లెగ్ పీసు మాత్రం 80 దాటితేనే ఎముక దగ్గర మెత్తబడుతుంది. వంటల థర్మామీటరు గుచ్చి, ఎముకకు తగలకుండా చూస్తాను. చివర్లో నిప్పుల మీదికి జరిపి రెండు వైపులా కాస్త రంగు రానిస్తాను. అప్పుడు మంట లేస్తే నీళ్లు చల్లను, బూడిద ఎగిరి ముక్కలకు అంటుతుంది. ముక్కల్ని పక్కకి లాగి మూత వేస్తే మంట దానంతటదే అణుగుతుంది.

రెండో వాయికి బొగ్గు ముందే సిద్ధం కావాలి. మొదటి వాయి సగంలో ఉండగానే చిమ్నీలో మరికొంత అంటిస్తాను. పచ్చిబొగ్గు నేరుగా నిప్పుల మీద వేస్తే కాసేపు పొగ వస్తుంది, సెగ పడిపోతుంది. కింద పేరుకున్న బూడిద రంధ్రాలకు అడ్డం పడకుండా లాగేయాలి. బొగ్గుండీ సెగ తగ్గిందంటే ముందు అక్కడే చూస్తాను.

చివరి సెగ వృథా పోనివ్వను. వంకాయలు పచ్చడి కోసం నిప్పుల పక్కన, చిలగడదుంపలు బూడిదలో. ఆ తర్వాత పైనా కిందా రంధ్రాలన్నీ మూసేస్తే నిప్పు ఆరిపోయి సగం బొగ్గు మిగులుతుంది.

ఒక్కటి మాత్రం ఎవరికైనా గట్టిగా చెబుతాను. చలిగా ఉందని ఆ నిప్పుల్ని గదిలోకి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బూడిద చల్లబడిందనిపించినా రెండు రోజులు మూతున్న ఇనుప డబ్బాలో ఉంచాకే పారబోస్తాను.

మిగిలిన బొగ్గు మళ్లీ వాడేటప్పుడు నలుసులు జల్లించి, చిమ్నీలో కొత్త పెద్ద ముక్కలు అడుగున, పాతవి పైన పోస్తాను. చిన్నవి అడుగున పడితే గాలి ఆడదు.