బి షిఫ్ట్ వారం, చిన్నీ పిండికట్టు

ఈ వారం నాకు బి షిఫ్ట్. మధ్యాహ్నం 2 గంటలకల్లా స్టీల్ ప్లాంట్‌లో ఉండాలి, పొద్దున్నంతా ఇంట్లోనే. మా ఆవిడ ఏడున్నరకి స్కూల్‌కి బయల్దేరుతుంది. అత్తయ్యగారు పెందుర్తి నుంచి వచ్చేసరికి పన్నెండవుతుంది. ఈలోగా ఇంట్లో నేనూ చిన్నీ ఇద్దరమే.

చిన్నీకి నాలుగేళ్లు. పార్కులో జారుడుబల్ల మీంచి దిగుతుంటే చెప్పు అంచుకి పట్టేసి కాలు మెలిపడింది. మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది. ఎక్స్‌రేలో గీత ఏటవాలుగా మెలిక తిరిగి కనిపించింది. ఎముక పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు, అంతవరకూ అదృష్టం. తొడ పైనుంచి వేళ్ల మొదలు దాకా, మోకాలు కాస్త వంచి కట్టు వేశారు. విరిగింది కిందైతే తొడ దాకా ఎందుకండీ అని అడిగాను. విరిగిన చోటుకి పైన, కింద ఉన్న కీళ్లు రెండూ కదలకూడదట. మోకాలు వంచి ఉంచితే కాలు లోపల తిరగదు, పిల్ల లేచి నిలబడదామన్నా కాలు నేలకి ఆనదు. వేసినప్పుడు వేడిగా ఉందని ఏడ్చింది. కట్టులోని ప్లాస్టర్ పొడికి నీళ్లు తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుందని, అప్పటిదాకా వేళ్లతో నొక్కకుండా అరచేతులతోనే పట్టుకోమని చెప్పారు. వేళ్లతో నొక్కితే లోపలివైపు బుడిపెలు కట్టి చర్మం ఒరుసుకుపోతుందట.

పొద్దున్న లేవగానే మా ఇద్దరికీ మొదటి పని వేళ్లు చూసుకోవడం. కట్టు చివర బయటికి కనిపించేవి ఆ ఐదు వేళ్లే. లోపల అంతా సవ్యంగా ఉందో లేదో చెప్పాల్సింది అవే. బొటనవేలి గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ ఎర్రబడాలి. వేళ్లు వెచ్చగా ఉండాలి, కదపమంటే కదపాలి. నీలంగా మారినా, చల్లబడినా, వాచినా, మందు వేశాక కూడా నొప్పి తగ్గక పిల్ల గుక్కపెట్టి ఏడ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే తీసుకొచ్చేయండి అన్నారు. మొదట్లో ఆ గోరు నొక్కుతుంటే నా చెయ్యి వణికేది. ఇప్పుడు ఆ పని చిన్నీ లాగేసుకుంది. తనే వంగి, నాలుక బయటపెట్టి, గోరు నొక్కి "నాన్నా, ఎర్రగా వచ్చేసింది" అంటుంది. ఆ వేలు అయ్యాక పక్క వేలు. ఐదూ అయ్యేదాకా నేను కాఫీ తాగడానికి లేదు. చిటికెన వేలి గోరు మరీ చిన్నది, దాని రంగు తనకి సరిగ్గా కనపడదు. అందుకని దాన్ని కిటికీ వైపు తిప్పమంటుంది. కాలు తిప్పకూడదు కదా, పిల్లనే దిండ్లతో సహా మెల్లగా కిటికీ వైపు జరుపుతాను. ఈరోజు అన్ని వేళ్లూ పాసయ్యాయి.

తర్వాత చోడి జావ, అంటే రాగి జావ. బెల్లం, పాలు కలిపి కాస్త పల్చగా. చోళ్లలో కాల్షియం 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. కానీ చోడి జావ మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే, కాలు విరిగిందని మొదలుపెట్టలేదు. కొత్తగా చేర్చింది అరటిపండు, మాటిమాటికీ మంచినీళ్లు. రోజంతా కూర్చుని ఉండే పిల్లకి విరేచనం బిగుసుకుపోతుంది. కట్టుతో కమోడ్ మీద కూర్చోబెట్టడమే కష్టం, దానికి ఇది కూడా తోడైతే పిల్ల నానా అవస్థ పడుతుంది. ఇలాంటివి ఎవరూ ముందుగా చెప్పరు.

స్నానం అంటే తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే. తలస్నానం మాత్రం రోజు విడిచి రోజు కావాల్సిందే, మన విశాఖ ఉక్కలో తప్పదు. మంచానికి అడ్డంగా పడుకోబెట్టి, తల అంచు బయటికి వచ్చేలా జరిపి, మెడ కింద నా చెయ్యి పెట్టి, కింద బేసిన్ ఉంచి మగ్గుతో పోస్తాను. కట్టు మీద ప్లాస్టిక్ కవర్, పైన టేపు. ప్లాస్టర్ కట్టు తడిస్తే మెత్తబడి పట్టు పోతుంది, లోపలి దూది తడిస్తే చర్మం నాని పాడవుతుంది. ఇల్లు తడిగుడ్డ పెట్టాక నేల ఆరేదాకా చిన్నీని కిందికి దించను.

కిందికి దించడం గురించి చెప్పాలి. ఎముక పని ఎముక చేసుకుంటోంది. పిల్లల ఎముక చుట్టూ ఉండే పొర పెద్దవాళ్లకంటే మందంగా ఉంటుంది, రక్తం బాగా అందుతుంది, అందుకే వాళ్లకి తొందరగా అతుక్కుంటుందని డాక్టర్ గారు బొమ్మ గీసి మరీ చెప్పారు. నేను చెయ్యగలిగింది అందులో ఏమీ లేదు. చిన్నీకి నిజంగా పోయిందేమిటంటే, తనంతట తను వెళ్లడం. కాలింగ్ బెల్ మోగితే తలుపు దగ్గరికి మొదట పరిగెత్తేది తనే. బొమ్మ కావాలంటే వెళ్లి తెచ్చుకునేది, మా మీద కోపమొస్తే పక్క గదిలోకి పోయి తలుపేసుకునేది. ఇప్పుడు కోపమొచ్చినా ఉన్నచోటే ఉండాలి. ముఖం తిప్పుకోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు. మొదట్లో ఏడ్చినప్పుడల్లా నొప్పేమో అని సిరప్ సీసా వైపు చూసేవాళ్లం. చాలాసార్లు అది నొప్పి కాదు. చెప్పకుండా ఎత్తేసి సోఫాలోంచి మంచం మీదికి మార్చేస్తే ఏడ్చేది.

అందుకని ఇప్పుడు అడగందే ఎత్తం. "ఎత్తనా?" అంటాను. "ఉండు" అంటే ఉంటాను. ఎటు వెళ్లాలో తనే వేలితో చూపిస్తుంది. కూర్చుని పాక్కుంటూ జరగొచ్చు, బరువు మాత్రం మోపకూడదు అన్నారు కాబట్టి హాల్లో చాప పరిచి వదిలేస్తున్నాం. రెండు చేతులూ వెనక్కి ఆనించి, మంచి కాలితో తోసుకుంటూ, కట్టు కాలు ముందుకి చాపి పడవలా సాగిపోతుంది. టీవీ బల్ల కింది అరలో తన సామాన్లన్నీ సర్దిపెట్టాను, ఎవర్నీ అడక్కుండా తీసుకునేలా. ఈరోజు బెల్ మోగితే పాలవాడి దాకా తనే జరిగి వెళ్లింది. అతను పాపం లోపలికి వంగి ప్యాకెట్ చేతికిచ్చాడు. ఆ ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో! సాయం చెయ్యబోతే వద్దంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. పిల్ల ముఖం చూసి ఇన్నాళ్లలో ఇంత సంతోషపడింది లేదు.

పదకొండు ప్రాంతంలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగిన పది నిమిషాలకే దురద మొదలు. కట్టు లోపల చెమట పట్టి పిల్ల మెలికలు తిరిగిపోయింది. కింద వాటాలో మామ్మగారు అప్పుడే వచ్చారు. "ఏటి బాబూ, చీపురుపుల్ల పెట్టి కాస్త గీకితే పోద్ది కదా" అన్నారు ప్రేమగా. వద్దు మామ్మగారూ, లోపల గీసుకుంటే పుండవుతుంది, ఎవరికీ కనపడదు అని చెప్పాను. పుల్లలు, పౌడరు ఏవీ లోపలికి పోనివ్వకూడదు. కట్టు మీద పైనుంచి వేళ్లతో తట్టితే కొంత నయం. రెండో కాలు అదే చోట గీకితే కూడా ఎందుకో ఊరుకుంటుంది. కరెంటు ఉంటే హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టి అంచు దగ్గర పట్టుకుంటాం, వేడిగాలి మాత్రం పెట్టం. కరెంటే లేదు కాబట్టి విసనకర్రతో విసిరాను. మామ్మగారు పక్కన కూర్చుని దరువేసినట్టు కట్టు మీద తట్టారు. పావుగంటకి దారికొచ్చింది.

మామ్మగారు నల్లేరు పచ్చడి తెచ్చారు. విరిగిన ఎముకకి నల్లేరు మంచిదని ఈ ప్రాంతంలో అందరూ అంటారు. చిన్నీ నాలుక మీద పెట్టుకుని ఊసేసింది, నేను వేడన్నంలో కలుపుకుని తిన్నాను, చాలా బాగుంది. విరిగిన ఎముకలకి నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు సంగతి కూడా ఆవిడే ఎత్తారు. వాళ్ల బంధువులకెవరికో నయమైందట. ఆవిడ మాట కాదనలేదు గానీ, ఎక్స్‌రే చూసి వేసిన కట్టుని మధ్యలో విప్పి పిల్ల కాలు ఇంకొకరి చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు. ఈ విషయంలో ఇంట్లో అందరిదీ ఒకటే మాట.

తర్వాత స్కెచ్ పెన్నులు తీశాం. కట్టు మీద ఇప్పటికే వాళ్లమ్మ వేసిన చేప, పక్కింటి పిల్లలు వేసిన గీతలు ఉన్నాయి. ఈరోజు జలాంతర్గామి వెయ్యమంది. మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాం. ఇసుకలో దించడానికి లేదు, కట్టులోకి ఒక్క రేణువు పోయినా రాత్రంతా నిద్ర ఉండదు. రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబెడితే అక్కణ్ణుంచి కురుసురా జలాంతర్గామి కనిపించింది. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి ఒడ్డునే మ్యూజియంగా ఉంది. దాని కింద ఆనించిన దిమ్మలు చూసి "నాన్నా, దీనికీ కట్టు కట్టారా?" అంది. అవునన్నాను. మరి ఎప్పుడు విప్పుతారని అడిగింది. దానికి విప్పరమ్మా, నీకు విప్పుతారు అన్నాను. నాకు బొమ్మలు రావు, అయినా మోకాలి దగ్గర నల్లగా పొడుగ్గా ఒకటి గీశాను. కిటికీలు కావాలంది. జలాంతర్గామికి కిటికీలుండవు అంటే ఒప్పుకోలేదు, తనే ఎర్ర పెన్నుతో నాలుగు పెట్టుకుంది. గీస్తుండగానే పైనుంచి నేవీ వాళ్ల డేగా విమాన స్థావరం హెలికాప్టర్ వెళ్లింది. మా షీలానగర్‌లో అవి ఇంటి మీంచే తిరుగుతుంటాయి. దాన్నీ వేస్తానంది, చోటు లేదు.

అత్తయ్యగారు రాగానే ఉప్పు, మిరపకాయలు దిష్టి తీశారు, నేను బస్సెక్కాను.

రాత్రి వచ్చేసరికి పదకొండు దాటింది. చిన్నీ ఇంకా మెలకువగానే ఉంది, రేపు హాస్పిటల్ కదా. రేపు ఎక్స్‌రే తీస్తారు. కొత్త ఎముక బాగా పట్టి ఉంటే కట్టు కోసేస్తారు. కోసే మిషన్ రయ్యిమని పెద్ద చప్పుడు చేస్తుంది. దాని బ్లేడు గిర్రున తిరగదు, అటూ ఇటూ సన్నగా అదురుతుందంతే, గట్టిగా ఉన్న కట్టునే కోస్తుంది అని మా ఆవిడ సాయంత్రం చిన్నీకి చెప్పిందట. కట్టు తీశాక కాలు సన్నగా కనిపిస్తుందని, కొన్ని వారాలు కుంటుతుందని, అది మామూలేనని మాకు ముందే చెప్పారు. అడగాల్సినవి మా ఆవిడ ఫోన్‌లో రాసుకుంటోంది. నడక ఎప్పటి నుంచి, స్కూల్ ఎప్పటి నుంచి, మెట్లు ఎక్కనివ్వచ్చా, మళ్ళీ ఎప్పుడు చూపించాలి.

"నేను ఆపమంటే మిషన్ ఆపుతారా అని కూడా రాయమ్మా" అంది చిన్నీ.

మా ఆవిడ దాన్ని అన్నిటికంటే పైన రాసింది. రేపు లోపలికి వెళ్లగానే మొదట అదే అడుగుతాం.