పన్నెండు అట్టముక్కల లెక్కలు

మన బడిలో చిన్న తరగతుల లెక్కల పీరియడ్ అంటే ముందు గుర్తొచ్చేవి అట్టముక్కలే. పాత శుభలేఖల్ని 5 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, నలుగురు పిల్లల జట్టుకి 12 చొప్పున ఇచ్చేవాళ్లు. కాగితమైతే ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది. జట్టులో నలుగురికి మించితే ఇద్దరే సర్దుతారు, మిగిలినవాళ్లు చూస్తూ కూర్చుంటారు.

"పన్నెండూ వాడి ఒక గది కట్టండి. ఎన్ని రకాలుగా కట్టొచ్చు?" ప్రశ్న అంతే. 12×1, 6×2, 4×3 త్వరగానే వచ్చేస్తాయి. అప్పుడు గోడ కట్టమనాలి. చీపురు ఈనెల్ని అదే 5 సెంటీమీటర్లకి విరిచి, జట్టుకి 30 ముక్కలు ఇస్తే చాలు. మొదటి గదికి 26 ఈనెలు పడతాయి, రెండోదానికి 16, మూడోదానికి 14. నేల అంతే ఉంది, గోడ మాత్రం తగ్గింది! వైశాల్యం, చుట్టుకొలత వేర్వేరని సూత్రం రాకముందే చేతికి తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది పిల్లలు తడబడతారు. 4×3 గదికి చుట్టుకొలత 10 అంటారు. ఎందుకంటే అంచున ఉన్న గడుల్ని లెక్కపెడతారు, అంచుల్ని కాదు. మూలగడికి బయటివైపు రెండు అంచులుంటాయి. తప్పని కొట్టేయకుండా, మూలలో ఎన్ని ఈనెలు పెట్టారో చూపించమంటే వాళ్లే సరిచేసుకుంటారు.

అసలు సృజన ఆ తర్వాత మొదలవుతుంది. "గది నలుపలకలుగానే ఉండాలా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. 4×4 చదరంలో ఒక మూల 2×2 తీసేస్తే 12 గడులే మిగులుతాయి, గోడకి 16 ఈనెలు పడతాయి. అంటే 6×2 గదికి పట్టినన్నే! మూల లోపలికి మడిచినా గోడ ఎందుకు పెరగలేదో పిల్లల్ని వాదించుకోనివ్వాలి. ఆ వాదనకి పది నిమిషాలు పోయినా నష్టం లేదు. నా మట్టుకు ఆ పీరియడ్‌కి అదే ప్రాణం.

సగం చెప్పేటప్పుడూ ఇంతే. 4×4 గడుల కాగితాన్ని గీతల వెంట రెండు సమభాగాలు చేయమంటే అందరూ మధ్యలో నిలువుగా కత్తిరిస్తారు. మెట్లలా కత్తిరించినా చెరి 8 గడులు వస్తే సగమే. రెండు ముక్కల ఆకారాలు వేరైనా సగమే. ఒకదాని మీద ఒకటి సరిపోతేనే సగం అన్న అపోహ ఇక్కడే వదలాలి, లేకపోతే భిన్నాల్లో అడ్డొస్తుంది.

హైదరాబాద్ పిల్లలకి సౌష్ఠవం, అంటే గీత వెంట మడిస్తే రెండు వైపులూ సరిగ్గా కలవడం, చెప్పడానికి చార్మినార్ కన్నా మంచి బొమ్మ ఏముంది? ఎదురుగా చూసి గీసిన బొమ్మకి ఒకటే సౌష్ఠవ రేఖ, పైనుంచి చూసినట్టు చదరంగా గీస్తే నాలుగు. రెండు జవాబులూ ఒప్పే.

ఒక్క జాగ్రత్త. మొదటి జవాబు రాగానే "శభాష్" అనకూడదు. అంటే మిగతా జట్లు అక్కడితో ఆపేస్తాయి. బోర్డు మీద గీసి, "ఇంకోలా?" అని సుద్దముక్క పక్క జట్టుకి ఇవ్వాలి.