షెపర్డ్స్ పై: ఖీమాలో నీళ్లు, దుంపలో నీళ్లు

షెపర్డ్స్ పై అనే ఇంగ్లీషు వంటలో అల్లంవెల్లుల్లి ముద్ద ఉండదు, గరం మసాలా ఉండదు, పసుపు కూడా పడదు. అడుగున మటన్ ఖీమా, ఉల్లిపాయ, క్యారెట్. పైన బంగాళాదుంప ముద్ద. అందుకే మన ఇళ్లలో మొదటిసారి చేసినప్పుడు చాలామందికి చప్పగా వస్తుంది, గరిటె పెట్టగానే నీళ్లోడుతుంది. వెంటనే కారం సరిపోలేదనుకుని రెండోసారి మసాలా వేస్తారు. అసలు తప్పు మసాలాలో లేదు, నీళ్లలో ఉంది. ఖీమాలో నీళ్లు ఇగరలేదు, దుంపలో నీళ్లు ఆరలేదు. ఆ రెండూ సరిచేస్తే ఈ వంటకి మిరియాలకి మించిన ఘాటు అక్కర్లేదు.

పేరులో పై అని ఉన్నా పిండితో చేసిన పొర ఏదీ ఉండదు. దుంప ముద్దే మూత. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి కాబట్టి గొర్రె మాంసంతో చేస్తేనే ఈ పేరు. గొడ్డు మాంసంతో చేస్తే దాన్ని కాటేజ్ పై అంటారు. కాటేజ్ పై అన్న మాట 1791 నాటికే రాతలో ఉంది. షెపర్డ్స్ పై అన్నది 1850ల్లో వచ్చింది, మొదట్లో రెండు పేర్లకీ పెద్ద తేడా పాటించేవారు కాదు. ఆదివారం ఓవెన్లో కాల్చిన మాంసం మిగిలితే, మర్నాడు సన్నగా తరిగి దుంపల కింద పెట్టి మళ్లీ కాల్చుకునే వంట ఇది. ఇప్పుడు పచ్చి ఖీమాతోనే ఎక్కువగా చేస్తారు. ఈ కొలతలు కూడా దానికే.

నలుగురైదుగురికి ఎముక లేని మటన్ 500 గ్రాములు, బంగాళాదుంపలు ఒక కిలో, ఉల్లిపాయలు మధ్యరకంవి రెండు, క్యారెట్లు రెండు, సెలరీ ఒక కాడ (దొరక్కపోతే మానేయండి), వెల్లుల్లి మూడు రెబ్బలు, టమాటా పేస్టు ఒక పెద్ద చెంచా, మైదా ఒక పెద్ద చెంచా, ఎముకల రసం 350 మి.లీ., పచ్చిబఠాణీలు గుప్పెడు. దుంప ముద్దలోకి వెన్న 60 గ్రాములు, పాలు 75 మి.లీ., ఒక గుడ్డు పచ్చసొన. గిన్నె 8 అంగుళాల చదరంది, రెండంగుళాల లోతుది సరిపోతుంది.

మటన్ కొనేటప్పుడు మేకా, పొట్టేలా అని అడగండి. మేక మాంసంలో కొవ్వు తక్కువ, ఖీమా పొడిపొడిగా అయిపోతుంది. పొట్టేలు దొరికితే భుజం మాంసం తీసుకుని, దాని కొవ్వు దానికే ఉంచమనండి. మేకే దొరికితే విడిగా కాస్త కొవ్వు అడిగి కలిపించండి. మొత్తంలో ఆరో వంతు దాకా కొవ్వుండాలి. మెషిన్‌లో ఒక్కసారే, పెద్ద చిల్లుల బిళ్లతో తీయించండి. రెండుసార్లు తీస్తే పేస్టులా అయి, ఉడికాక ముద్ద కడుతుంది. విశాఖ పూర్ణా మార్కెట్ లాంటి చోట కత్తితో కొట్టించుకునే ఓపిక ఉంటే అది ఇంకా మేలు. నల్లి ఎముకలు నాలుగు ఇమ్మనండి, రసానికి పనికొస్తాయి.

ఇక కడగడం. మనకి ఖీమా తెచ్చి కడక్కుండా వండాలంటే మనసొప్పదు. కానీ ఖీమా స్పాంజి లాంటిది, కడిగితే పీల్చిన నీళ్లు మూకుట్లో మళ్లీ బయటికొస్తాయి. అప్పుడు మాంసం వేగదు, ఉడుకుతుంది. అందుకని ముక్కగా ఉన్నప్పుడే కడిగి, పొడిగుడ్డతో అద్ది, ఆ తర్వాత ఖీమా కొట్టించండి లేదా ఇంట్లోనే తరుక్కోండి. అప్పటికే ఖీమాగా తెచ్చి కడిగేసుంటే, పల్చటి గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండండి. చెమ్మ ఉన్నంతవరకు మూకుడు జోలికి వెళ్లొద్దు.

వెడల్పాటి ఇనప మూకుడు బాగా కాలాక ఒక పెద్ద చెంచా నూనె వేసి, ఖీమాని సగం చొప్పున రెండు విడతలుగా వేయండి. మొత్తం ఒకేసారి పోస్తే మూకుడు వేడి పడిపోయి నీరు ఊరుతుంది. వేశాక మూడు నాలుగు నిమిషాలు కదపకూడదు. కళ్ల కంటే చెవులు ఎక్కువ పనికొచ్చే చోటు ఇది. చుయ్యిమని గట్టిగా చిటపటలాడుతుంటే వేగుతున్నట్టు. బుడబుడమంటే నీళ్లలో ఉడుకుతున్నట్టు. బుడబుడ వినిపిస్తే మంట పెంచి, నీళ్లు పూర్తిగా ఇగిరి చిటపట మళ్లీ వచ్చేదాకా ఆగండి. అడుగు కాఫీగింజ రంగుకి తిరిగాక తిప్పండి. ఆ రంగే ఈ వంటకి మసాలా. నీళ్లున్నంతసేపూ మూకుట్లో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మాంసం ఎర్రగా మాడువాసన లేకుండా వేగాలంటే 140 డిగ్రీల పైకి వెళ్లాలి. బూడిద రంగులో ఉండగానే కూరలు వేసేస్తే ఇక ఎన్ని సాసులు పోసినా ఆ రుచి రాదు.

వేగిన ఖీమా తీసి పక్కన పెట్టి, మూకుట్లో ఒక పెద్ద చెంచా కొవ్వు మిగిల్చి తక్కినది వంపేయండి. ఈ కొవ్వు ఎక్కువైతే చివర్లో దుంప అంచుల మీద పసుపు మరకలై తేలుతుంది. సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, సెలరీ సన్నమంట మీద పదిహేను నిమిషాలు మగ్గనివ్వాలి. వెల్లుల్లి ఒక నిమిషం, టమాటా పేస్టు రెండు నిమిషాలు. పేస్టు ఎరుపు నుంచి ఇటుకరంగుకి మారాలి. పేస్టు లేకపోతే రెండు పండు టమాటాలు తురిమి, నూనె తేలేదాకా వేయించండి. మైదా చల్లి ఒక నిమిషం పచ్చివాసన పోనిచ్చి, ఖీమా మళ్లీ వేసి, వేడి రసం కొంచెం కొంచెంగా పోయండి. అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి కలుపుకోవాలి, రుచి అంతా అక్కడే పట్టుకుని ఉంటుంది.

ఇంగ్లండ్‌లో ఇందులో థైమ్ ఆకు వేస్తారు. పెద్ద దుకాణాల్లో ఎండుది దొరుకుతుంది, అర చిన్న చెంచా చాలు. అది లేకపోతే నలిపిన వాము ఒక చిటికెడు. థైమ్‌కి ఆ వాసననిచ్చే థైమాల్ అనే పదార్థమే వాములోనూ ఉంటుంది. వాములో ఎక్కువ ఘాటుగా ఉంటుంది కాబట్టి చిటికెడు దాటొద్దు. ఒక బిర్యానీ ఆకు కూడా వేయండి.

తర్వాత వుస్టర్ సాస్, ఒక పెద్ద చెంచా. ఇంగ్లండ్‌లోని వుస్టర్ ఊళ్లో లీ అండ్ పెరిన్స్ వాళ్లు 1837 నుంచి అమ్ముతున్న ఈ సాసులో ఏముంటుందో చూస్తే విశాఖ వాళ్లకి కొత్తేమీ అనిపించదు: వెనిగర్, బెల్లపు మడ్డి లాంటి మొలాసిస్, చింతపండు, ఉల్లి, వెల్లుల్లి, ఆంకోవీ చేపలు. ఆంకోవీలంటే మన నెత్తళ్ల జాతే. సీసా దొరక్కపోతే ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండు నెత్తళ్లు తెచ్చుకోండి. ఐదారింటికి తలలు తుంచి, కడిగి ఆరబెట్టి, పొడి మూకుట్లో కరకరలాడేలా వేయించి దంచండి. ఆ పొడికి చిక్కటి చింతపండు గుజ్జు ఒక చిన్న చెంచా, వెనిగర్ ఒక చిన్న చెంచా, బెల్లం తురుము అర చెంచా కలపండి. అసలు సాసు నెలల తరబడి ఊరినది కాబట్టి అంత లోతు దీనికి రాదు. కానీ ఖీమాలో కలిసి ఉడికాక పులుపు, తీపి, ఉప్పు మూడూ సరిగ్గా నిలబడతాయి. చేప వాసన వస్తుందేమోనన్న భయం వద్దు, ఆ కొలతకి రాదు.

మూత వారగా పెట్టి పొట్టేలైతే 40 నిమిషాలు, మేకైతే గంట ఉడకనివ్వండి. తొందరగా ఉంటే 200 మి.లీ. రసంతో కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి, తర్వాత మూత తీసి ఇగర్చండి. కూర ఎప్పుడు దించాలో గరిటె చెబుతుంది. మూకుడు మధ్యలో గీత గీస్తే రెండు మూడు సెకన్లు అడుగు కనిపిస్తూ నిలవాలి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా పల్చగా ఉన్నట్టు. ఓవెన్లో ఇగురుతుందిలే అని వదిలేయకండి. పైన దుంప మూతుండగా ఆవిరికి దారి ఉండదు, పొయ్యి మీద ఎంత పల్చగా ఉందో పళ్లెంలోనూ అంతే ఉంటుంది. చివర్లో బఠాణీలు, అర చెంచా మిరియాల పొడి వేసి, ఉప్పు రుచి చూశాకే వేయండి. సాసులోను, నెత్తళ్లలోను అప్పటికే ఉప్పుంది. దించి గిన్నెలోకి తీసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి ఖీమా మీద దుంప పెడితే అది కిందకి దిగిపోయి రెండూ కలగలిసిపోతాయి.

దుంప విషయానికొస్తే, ఇంగ్లండ్‌లో దీనికి మారిస్ పైపర్, కింగ్ ఎడ్వర్డ్ లాంటి పిండి దుంపలు వాడతారు. మన దగ్గరికి దుంపలు ఎక్కువగా ఉత్తరాది నుంచి, బెంగాల్ నుంచి లారీల్లో వస్తాయి, రైతు బజార్లో అడిగినా రకం పేరు చెప్పేవాళ్లు తక్కువ. చిప్స్‌కని పెంచే కుఫ్రి చిప్సోనాలో పిండి ఎక్కువ. లేత పసుపు కండతో ఉండే పుఖ్రాజ్‌లో నీరెక్కువ. పేరు తెలియకపోతే ఉప్పునీళ్లు చెబుతాయి. ఏదైనా చిన్న గిన్నెతో 11 గిన్నెల నీళ్లకి ఒక గిన్నె ఉప్పు కరిగించి, అందులో ఒక దుంప వేయండి. మునిగితే పిండి దుంప, ముద్దకి మంచిది. తేలితే నీటి దుంప, కూరకి వాడుకోండి. గోటితో గీకితే తొక్క ఊడొచ్చే కొత్త దుంపలు దీనికి పనికిరావు. కోల్డ్ స్టోరేజీ దుంపలు తియ్యగా అనిపిస్తే, చీకటిగా గాలి ఆడే చోట వారం పది రోజులు ఉంచండి, తీపి తగ్గుతుంది.

తొక్క తీసి నాలుగేసి ముక్కలుగా కోసి, చన్నీళ్లలో రెండు చిన్న చెంచాల ఉప్పుతో పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చిదికిపోతాయి, లోపల గట్టిగా ఉంటాయి. మరుగు పట్టాక పావుగంటకి చాకు గుచ్చితే ముక్క జారి పడిపోవాలి. కుక్కర్లో నీళ్లలో వేసి ఉడికిస్తే దుంప పగిలి నీళ్లు తాగేస్తుంది, అది మాత్రం చేయొద్దు. చిల్లుల గిన్నెలో వార్చాక మళ్లీ ఉడికించిన గిన్నెలోకే వేసి, సన్నమంట మీద రెండు నిమిషాలు ఊపుతూ ఉండండి. ముక్కల అంచులు తెల్లగా, సున్నం పూసినట్టు అవుతాయి. ఆవిరి పల్చబడ్డాక దించండి.

మెదపడానికి జంతికల గొట్టానికి మించింది లేదు. సన్న కారప్పూస బిళ్ల పెట్టి, దుంపలు వేడిగా ఉండగానే గొట్టంలో నింపి వత్తండి. తెల్లటి దారాలుగా మెత్తగా పడతాయి, ఒక్క ఉండ కూడా మిగలదు. గొట్టం లేకపోతే పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ మాత్రం వద్దు. బ్లేడు దుంప కణాలని చీల్చేస్తుంది, లోపలి పిండి బయటికొచ్చి గంజిలా జిగురు కడుతుంది. ఒకసారి జిగురు పట్టిన ముద్దని బాగుచేసే దారి లేదు. ముందు వెన్న వేసి కలపండి, అది పిండికి పూతలా పట్టి జిగురు రాకుండా ఆపుతుంది. ఆ తర్వాతే వేడి పాలు, చివరికి పచ్చసొన, చిటికెడు జాజికాయ పొడి. ఉప్పు వెన్న వాడితే వేరే ఉప్పు తగ్గించండి. ముద్ద చెంచా నిలబడేంత గట్టిగా ఉండాలి, విడిగా తినే ముద్దకంటే గట్టిగా. దుంప నీళ్లు పట్టినట్టు అనిపిస్తే పాలు సగానికి తగ్గించండి.

చల్లారిన ఖీమా మీద ముద్దని ముందు అంచుల చుట్టూ, గిన్నె గోడకి ఆనేలా పరిచి, తర్వాత మధ్యకి రండి. అంచున సందుంటే గ్రేవీ అక్కడినుంచే పొంగుతుంది. పైన ఫోర్కుతో చాళ్లు గీయండి, ఆ గట్లే ముందుగా ఎర్రబడి కరకరలాడతాయి. కరిగిన వెన్న కొంచెం పూయండి. చీజ్ వేసుకునేవాళ్లు వేసుకోవచ్చు. నాకైతే అది దుంప రుచిని కప్పేస్తుందనిపిస్తుంది.

ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) పైనా కిందా రెండు రాడ్లతో 200 డిగ్రీల దగ్గర పావుగంట ముందే వేడిచేసి, కింద ఒక ట్రే పెట్టి, 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. అంచుల్లో బుడగలు కనిపించాలి. అప్పటికీ పైన తెల్లగా ఉంటే పైరాడ్ మాత్రమే ఉంచి ఐదు నిమిషాలు, కళ్లు తిప్పకుండా. మామూలు మైక్రోవేవ్‌లో వేడెక్కుతుందే కానీ ఎర్రబడదు, కన్వెక్షన్ ఉన్నదైతే పనికొస్తుంది. బయటికి తీశాక పది నిమిషాలు ఆగి కోస్తే ముక్క నిలుస్తుంది. పక్కన ఉడికించిన క్యాబేజీ గానీ బీన్స్ గానీ చాలు. ఆవకాయ అడిగేవాళ్లు ఇంట్లో ఉంటారు, పళ్లెం అంచున కాస్త వేయండి, ఆ నూనె దుంపకి బాగానే ఉంటుంది.

ఉక్క రోజుల్లో మిగిలినదాన్ని రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది. మళ్లీ వేడిచేసేటప్పుడు మధ్యలో కూడా పొగలు రావాలి, థర్మామీటరుంటే 74 డిగ్రీలు చూసుకోండి. గాజు గిన్నెలో చేసినట్టయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్లో పెట్టకండి, అరగంట బయట ఉంచి పెట్టండి. ఓవెన్లోంచి తీశాక తడి గట్టు మీద కాకుండా మడతపెట్టిన పొడిగుడ్డ మీద దించండి.