పిల్లలు రాని గూడు

తాబేలు పిల్లలు సముద్రంలోకి పాకడం చూద్దామని ఆ తీరానికి వెళ్లాను. తీరా నన్ను కట్టిపడేసింది మాత్రం మర్నాడు పొద్దున హేచరీలో, అంటే తాబేలు గుడ్లను తెచ్చి ఇసుకలో పూడ్చి కాపాడే చోట, తవ్విన ఒక గూడు.

చుట్టూ కంచె, పైన నీడకు వల, లోపల మీటరు ఎడంతో గూళ్లు. ప్రతిదాని పక్కన గుడ్లు పెట్టిన తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చీటీ ఉంది. ఇవి ఆలివ్ రిడ్లే అనే జాతి సముద్రపు తాబేళ్ల గుడ్లు; 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. గడువు దాటినా అలికిడి లేని గూటిని కాపలాదారు చేతులతో తవ్వారు. మోచెయ్యి మునిగేంత లోతుకు వెళ్లేసరికి కుళ్లు వాసన గుప్పుమంది. బయటికి తీసిన గుడ్డు మీద పసుపు, నీలిబూడిద మచ్చలు. ఒక పక్క దూదిపింజలాంటి బూజు. దాని పోగులు ఇంకో రెండు గుడ్లను అల్లుకోవడంతో మూడూ ఒకే ముద్దయ్యాయి.

"ముందు చచ్చిన గుడ్డును పడుతుందండీ, ఆపైన బతికున్నవాటి మీదికి పాకుతుంది" అన్నారాయన.

ఇది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం పని. ఆఫ్రికాకు పడమట సముద్రంలో ఉన్న కేప్ వెర్డే దేశంలోని బోవా విస్టా దీవిలో లాగర్‌హెడ్ అనే మరో జాతి తాబేలు గుడ్లను చంపుతున్నది ఇదేనని శాస్త్రవేత్తలు 2010లో ప్రకటించారు. మట్టిలో ఉండే జీవే. కానీ కుక్కల నుంచి, అలల నుంచి కాపాడుదామని గూళ్లన్నీ ఒకేచోట చేర్చి, ఏటేటా అదే ఇసుకలో పాతిపెడితే దానికి మనమే విందు పెట్టినట్టు. బంకమట్టి కలిసిన తడి ఇసుకైతే మరీ అనుకూలం.

గుడ్లను తెచ్చే తీరుకూ బూజుకూ సంబంధం ఉందని నాకు అక్కడే తెలిసింది. పెట్టిన కొన్ని గంటల్లోనే పిండం పెంకు పైభాగపు పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును అటూ ఇటూ దొర్లిస్తే పిండం చనిపోతుంది. చచ్చిన ఆ గుడ్డే శిలీంధ్రానికి మొదటి మేత. అందుకే ఇక్కడ తెల్లవారేలోపే తెచ్చి పూడుస్తారు. పిల్లలు వెళ్లిపోగానే పెంకులు, మురిగిన గుడ్లు ఏరి దూరంగా పారేస్తారు. సీజను ముగిస్తే హేచరీ చోటే మార్చేస్తారు. మందు చల్లితే పోదా అని ఒక పర్యాటకుడు అడిగాడు. కాపలాదారు నవ్వి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

తిరుగు దారిలో ఇంకో హేచరీలో ఆగాను. పాత ఇసుకే, గూళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. సముద్రంలో వదిలిన పిల్లల సంఖ్య మాత్రం బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. పొదగని గుడ్లెన్ని అని అడిగితే, ఆ లెక్క రాయడం లేదన్నారు.