పాత రౌటర్ బోర్డుపై డీబగ్ కనెక్షన్ల వెతుకులాట: ఇప్పటివరకు జరిగిన పని

నా పాత వైఫై రౌటర్‌కు తయారీదారు ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. దానిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఎక్కించాలని ఉంది గానీ, ఎక్కించేటప్పుడు ఏదైనా తేడా వచ్చి రౌటర్ మొరాయిస్తే దాన్ని తిరిగి లేపే దారి ముందే సిద్ధంగా ఉండాలనుకున్నాను. ఆ దారి సాధారణంగా సర్క్యూట్ బోర్డు మీదే ఉంటుంది. తయారీ దశలో ఇంజినీర్లు వాడుకున్న సీరియల్ కన్సోల్ (రౌటర్ సందేశాలు చూసి, ఆదేశాలు టైపు చేసే దారి) రంధ్రాలు, జేట్యాగ్ (చిప్‌ను నేరుగా పరీక్షించే దారి) రంధ్రాలు చాలా బోర్డులపై అలాగే మిగిలిపోతాయి, కాకపోతే వాటి పక్కన పేర్లు ఉండవు. ఏ రంధ్రం ఏమిటో కొలతలతో తేల్చుకున్న క్రమాన్ని, మధ్యలో నన్ను రెండు రోజులు ఆపిన ఒక చిన్న ఖాళీ స్థలం సంగతిని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మొదటి సాయంత్రం: విప్పి చూడడం

రౌటర్ అడుగున రబ్బరు కాళ్ల కింద రెండు స్క్రూలు దాగి ఉన్నాయి. అవి తీశాక అంచు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కొక్కేలను ఒక పాత ప్లాస్టిక్ కార్డుతో ఒక్కొక్కటిగా వదులు చేశాను. బోర్డు బయటికి రాగానే రెండు వైపులా పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటోలు తీసుకున్నాను. అలా తీస్తే పచ్చని పూత కింద ఉన్న రాగి దారులు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. తర్వాతి రోజుల్లో బోర్డు కంటే ఆ ఫొటోలనే ఎక్కువసార్లు చూశాను.

హీట్‌సింక్ కింద ప్రధాన చిప్, దాని పక్కన ర్యామ్, కొంచెం దూరంలో ఫర్మ్‌వేర్ నిల్వ ఉండే ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్, రేడియో భాగంపై లోహపు మూత ఉన్నాయి. అనుమానించదగ్గ చోట్లు రెండు కనిపించాయి. మొదటిది బోర్డు అంచున 2.54 మిల్లీమీటర్ల ఎడంతో ఒకే వరుసలో ఉన్న నాలుగు రంధ్రాలు; వాటిలో సోల్డర్ నిండి ఉంది. రెండవది ఏడేసి చొప్పున రెండు వరుసల్లో ఉన్న 14 రంధ్రాలు. నాలుగింటిలో ఒకదాని ప్యాడ్ చతురస్రంగా, మిగతావి గుండ్రంగా ఉన్నాయి. చతురస్రం 1వ పిన్‌కు గుర్తు మాత్రమే; ఆ పిన్‌లో ఏ సిగ్నల్ ఉందో అది చెప్పదు.

ఈ రౌటర్‌కు కరెంటు బయటి అడాప్టర్ ద్వారా తక్కువ వోల్టేజీలో వస్తుంది కాబట్టే దీన్ని విప్పి, ఆన్‌లో ఉంచి కొలిచాను. గోడలోని కరెంటు నేరుగా బోర్డు మీదికి వచ్చే పరికరాలపై ఈ పద్ధతిని దయచేసి ప్రయత్నించవద్దు, అక్కడ ఒక తప్పు కొలత ప్రాణం మీదికి తెస్తుంది.

కరెంటు లేకుండా చేసిన కొలతలు

ముందుగా గ్రౌండ్, అంటే మిగతా వోల్టేజీలను దేనితో పోల్చి కొలుస్తామో ఆ సున్నా వోల్టుల లైను, తేలాలి. మల్టీమీటర్‌ను బీప్ స్థానంలో పెట్టి, ఒక ప్రోబ్‌ను రేడియో మీది లోహపు మూతకు ఆనించి, రెండవదాన్ని నాలుగు రంధ్రాలపై వరుసగా పెట్టాను. 4వ రంధ్రం దగ్గర బీప్ వచ్చింది. కరెంటు జాక్ మైనస్ కాలితో కూడా సరిచూశాను. చాలామంది ఈథర్‌నెట్ జాక్ లోహపు తొడుగును గ్రౌండ్‌గా తీసుకుంటారు గానీ, కొన్ని బోర్డులలో ఆ తొడుగు కెపాసిటర్ ద్వారా మాత్రమే గ్రౌండ్‌కు కలుస్తుంది, అందువల్ల అక్కడ బీప్ రాకపోయినంత మాత్రాన గ్రౌండ్ కాదని తేల్చకూడదు.

తర్వాత వీసీసీ, అంటే సరఫరా వోల్టేజీ ఉండే పిన్. ఎనిమిది కాళ్ల ఎస్‌పీఐ రకం ఫ్లాష్ చిప్‌లలో సాధారణంగా 4వ కాలు గ్రౌండ్, 8వ కాలు సరఫరా. ఆ 8వ కాలికీ చతురస్రపు ప్యాడ్‌కూ మధ్య బీప్ వచ్చింది కనుక 1వ రంధ్రం సరఫరా అని కరెంటు ఇవ్వకముందే తెలిసిపోయింది. ఇక మిగిలినవి 2, 3 రంధ్రాలు. వాటిలో ఒకటి రౌటర్ మాట్లాడే టీఎక్స్, మరొకటి వినే ఆర్‌ఎక్స్ అయి ఉండాలి.

కరెంటు ఇచ్చి చేసిన కొలతలు

నల్ల ప్రోబ్‌ను గ్రౌండ్ మీద ఉంచి, ఒక్కో రంధ్రానికి రౌటర్‌ను ఒక్కోసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తూ వోల్టేజీ చూశాను. 1వ రంధ్రం 3.29 వోల్టుల వద్ద కదలకుండా నిలబడింది. 2వ రంధ్రం ఆన్ చేసిన కొన్ని క్షణాలకు 2.4కూ 3.1కూ మధ్య ఊగిసలాడి, రౌటర్ పూర్తిగా లేచాక 3.3 దగ్గర స్థిరపడింది. సీరియల్ లైను మాట్లాడనప్పుడు పై వోల్టేజీలో ఉంటుంది, మాట్లాడేటప్పుడు పైకీ కిందికీ దూకుతుంది; ఆ దూకుళ్ల సగటునే మల్టీమీటర్ చూపిస్తుంది కనుక ఈ ఊగిసలాట టీఎక్స్‌కు మంచి ఆనవాలు.

3వ రంధ్రం దగ్గర 0.08 వోల్టులు కనిపించింది. బోర్డు దగ్గరికి వేలు తెస్తే ఆ అంకె మారుతోంది. ఆర్‌ఎక్స్ లైనును సాధారణంగా చిప్ లోపలో బయటో ఉండే ఒక రెసిస్టర్ పైకి లాగి ఉంచుతుంది కాబట్టి అక్కడ 3.3కు దగ్గరగా కనిపించాలి. అంకె ఇలా నిలకడ లేకుండా మారుతున్నదంటే ఆ రంధ్రం దేనికీ కలిసి లేదన్నమాట. ఆ అంకెను పుస్తకంలో రాసుకున్నాను గానీ, దాని అర్థాన్ని అప్పుడే ఆలోచించి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

సోల్డర్ తొలగించడం

రంధ్రాలలో ఉన్నది సీసం లేని సోల్డర్ కావడంతో తొందరగా కరగలేదు. కొద్దిగా సీసం కలిసిన సోల్డర్‌ను, ఫ్లక్స్‌ను (సోల్డర్ సులువుగా పారేలా చేసే పదార్థాన్ని) చేర్చి, రాగి జడతో పీల్చేశాను. మూడు రంధ్రాలు 340 డిగ్రీల వద్ద సులువుగా ఖాళీ అయ్యాయి. గ్రౌండ్ రంధ్రం దగ్గర మాత్రం బోర్డు లోపలి రాగి పొర వేడిని లాగేసుకోవడంతో 380 డిగ్రీల దాకా పెంచి, వెడల్పైన మొన వాడవలసి వచ్చింది. ఒకే చోట అయిదారు సెకన్లకు మించి మొన ఆనించకుండా మధ్యలో చల్లారనిచ్చాను, లేకపోతే ప్యాడ్ బోర్డు నుంచి ఊడి వస్తుంది. ఆ తర్వాత నాలుగు పిన్నుల హెడర్‌ను బిగించాను.

అక్షరాలు వచ్చాయి, కీలు అందలేదు

వేగం తెలుసుకోవడానికి ఎనిమిది చానెళ్ల లాజిక్ ఎనలైజర్‌ను (సిగ్నల్ ఎప్పుడు పైకీ కిందికీ మారిందో నమోదు చేసే పరికరాన్ని) 2వ పిన్‌కు తగిలించి, పల్స్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే పొట్టి పల్స్‌ను కొలిచాను. ఒక బిట్‌కు పట్టే ఆ సమయం సుమారు 8.7 మైక్రోసెకన్లు ఉంది. ఒక సెకనును దానితో భాగిస్తే సెకనుకు 115200 బిట్లకు దగ్గరగా వస్తుంది. ఎనలైజర్ లేనివారు 115200, 57600, 38400, 9600 వేగాలను వరుసగా ప్రయత్నించవచ్చు. తప్పు వేగంలో అర్థంలేని గుర్తులు వస్తాయి, సరైన వేగంలో చదవదగ్గ వాక్యాలు వస్తాయి.

యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌ను కలిపే ముందు దాని టీఎక్స్ వోల్టేజీని విడిగా కొలిచి 3.3 అని రూఢి చేసుకున్నాను. కొన్ని అడాప్టర్లలో 3.3, 5 అని ఉండే జంపర్ సరఫరా పిన్‌ను మాత్రమే మారుస్తుంది, సిగ్నల్ వోల్టేజీని మార్చదు, కాబట్టి జంపర్‌ను నమ్మకుండా మీటర్‌ను నమ్మాలి. కలపవలసినవి మూడు తీగలే: ముందు గ్రౌండ్‌కు గ్రౌండ్, తర్వాత బోర్డు టీఎక్స్ అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కు, బోర్డు ఆర్‌ఎక్స్ అడాప్టర్ టీఎక్స్‌కు. బోర్డుకు తన సరఫరా తనకు ఉంది కనుక వీసీసీని వదిలేయాలి.

రౌటర్ ఆన్ చేయగానే తెర మీద యూ-బూట్ (రౌటర్‌ను మొదట లేపే బూట్‌లోడర్) పేరు, ర్యామ్ పరిమాణం, ఫ్లాష్ వివరం, ఆ తర్వాత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సందేశాలు వరుసగా దిగాయి. ఆ వరుసలు మొదటిసారి కదులుతుంటే కలిగిన సంతోషం ఇప్పటికీ తాజాగా ఉంది. అయితే బూట్‌ను ఆపడానికి ఏ కీ నొక్కినా ఫలితం లేదు.

ముందుగా అడాప్టర్‌ను అనుమానించి, దాని టీఎక్స్, ఆర్‌ఎక్స్‌లను ఒకదానికొకటి కలిపి టైపు చేశాను. నొక్కిన అక్షరాలు తిరిగి వచ్చాయి కాబట్టి అడాప్టర్ బాగానే ఉంది. తర్వాత మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అవతలి వైపు అదనపు తీగ ద్వారా అనుమతిస్తేనే పంపే పద్ధతి) ఆన్‌లో ఉన్నట్టు గమనించి తీసేశాను. మూడే తీగలు కలిపినప్పుడు అది ఆన్‌లో ఉంటే కీలు బయటికి వెళ్లకపోవచ్చు. అయినా మార్పు లేదు. తయారీదారు కావాలనే కన్సోల్‌ను మూసేశాడని నిర్ణయించుకుని, రెండు రోజులు బూట్‌లోడర్ సెట్టింగుల గురించే చదువుతూ గడిపాను.

మూడవ రోజు పాత కొలతలను తిరగేస్తుంటే ఆ 0.08 వోల్టులు కంటపడింది. ఫొటోలో 3వ రంధ్రం నుంచి బయలుదేరిన దారిని అనుసరిస్తే, అది ఒక రెసిస్టర్ కోసం వదిలిన జంట ప్యాడ్ల దగ్గర ఆగిపోయింది. రెసిస్టర్ మాత్రం అక్కడ లేదు. పక్కనే టీఎక్స్ దారిలో అదే కొలతలో, అంటే 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పుతో, దాదాపు సున్నా ఓముల రెసిస్టర్ బిగించి ఉంది. ఖాళీ ప్యాడ్లలో చిప్ వైపున్నదానిపై వోల్టేజీ చూస్తే 3.28. అంటే చిప్ వినడానికి సిద్ధంగానే ఉంది, దారిలో వంతెన లేదు.

ఆ రెండు ప్యాడ్లను వెంటనే కలిపేయకుండా, రెండు సన్నని తీగలతో 470 ఓముల రెసిస్టర్‌ను తాత్కాలికంగా తగిలించాను. నా ఊహ తప్పై అవతలి ప్యాడ్ మరో అవుట్‌పుట్ అయినా, 3.3 వోల్టుల వద్ద దాని గుండా పారే కరెంటు 7 మిల్లీయాంపియర్లు మాత్రమే. రౌటర్ ఆన్ చేసి కీ నొక్కగానే యూ-బూట్ ఆగింది. ఆ తర్వాత ఖాళీ ప్యాడ్లను ఒక సోల్డర్ బొట్టుతో కలిపేశాను. యూ-బూట్ ఎన్విరాన్‌మెంట్ విలువలన్నిటినీ, అంటే దాని సెట్టింగులను, తెర మీదికి తెప్పించి ఫైలులో దాచుకున్నాను. మార్చిన విలువలను ఫ్లాష్‌లోకి రాసే ఆదేశాన్ని ఇంకా ముట్టుకోలేదు.

ఇక్కడ గమనించిన మరో సంగతి కూడా చెప్పాలి. రౌటర్ ఆపి ఉన్నా సీరియల్ అడాప్టర్ తగిలించి ఉంటే, దాని టీఎక్స్ నుంచి వచ్చే కరెంటు చిప్ రక్షణ డయోడ్ల గుండా బోర్డులోకి పాకి, ఒక దీపం మసకగా వెలుగుతోంది. అలాంటప్పుడు తిరిగి ఆన్ చేస్తే కొన్నిసార్లు రౌటర్ సరిగా రీసెట్ కావడం లేదు. ఇప్పుడు ఆపేటప్పుడల్లా ఆ ఒక్క తీగను తీసేస్తున్నాను.

14 రంధ్రాల సంగతి

జేట్యాగ్ మొదట బోర్డుపై చిప్‌ల అతుకులు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించడానికి రూపొందిన ఏర్పాటు; 1990లో ఐట్రిపుల్‌ఈ (ఇంజినీర్ల సంస్థ) 1149.1 ప్రమాణమైంది. నా రౌటర్‌లోని ప్రధాన చిప్ మిప్స్ అనే ప్రాసెసర్ జాతికి చెందినది. మిప్స్ చిప్‌లకు వాడే 14 పిన్నుల ఈజేట్యాగ్ (మిప్స్ కోసం జేట్యాగ్ రూపం) అమరికలో 2, 4, 6, 8, 10 పిన్నులు గ్రౌండ్, 14వది సరఫరా. బీప్ పరీక్షలో సరిగ్గా ఆ అయిదూ గ్రౌండ్‌కు కలిశాయి, 14వ దానిలో 3.3 వోల్టులు కనిపించింది. అమరిక తెలియకుండా మిగిలిన ఏడు బేసి పిన్నులలో టీసీకే (క్లాక్), టీఎంఎస్ (స్థితిని మార్చే పిన్), టీడీఓ (డేటా బయటికి వచ్చే పిన్) మూడింటినీ గుడ్డిగా వెతికితే 210 రకాలుగా ప్రయత్నించాలి. అమరిక పోలిక దొరికాక ఒక్కటే మిగిలింది.

టీఎంఎస్‌ను పైకి ఉంచి అయిదు క్లాక్‌లు ఇస్తే జేట్యాగ్ యంత్రాంగం ఏ స్థితిలో ఉన్నా రీసెట్‌కు చేరుతుంది. ఆ వెంటనే డేటా రిజిస్టర్‌ను జరిపితే, ఐడీకోడ్ (చిప్ గుర్తింపు సంఖ్య) ఉన్న చిప్ 32 బిట్ల సంఖ్యను బయటికి పంపుతుంది. అందులో మొదట వచ్చే బిట్ ఎప్పుడూ 1. నాకు మొదట అన్నీ 1లే వచ్చాయి. టీఆర్‌ఎస్‌టీ (జేట్యాగ్ రీసెట్) పిన్‌ను బోర్డు మీది రెసిస్టర్ కిందికి లాగి ఉంచడమే కారణం, దాని వల్ల యంత్రాంగం శాశ్వతంగా రీసెట్‌లోనే ఉండిపోయింది. ఆ పిన్‌ను 100 ఓముల ద్వారా 3.3 వోల్టులకు కలిపాక, పదిసార్లు చదివితే పదిసార్లూ ఒకే సంఖ్య వచ్చింది.

ఇప్పటి స్థితి

సీరియల్ తీగలను గాలి కోసం వదిలిన సందులోంచి బయటికి తీసి, ఎవరైనా లాగినా ప్యాడ్లపై బలం పడకుండా లోపల వేడి జిగురుతో అంటించాను. మూత లోపలి వైపు నాలుగు పిన్నుల క్రమం, వేగం, వోల్టేజీ రాసిన కాగితం అతికించాను. వచ్చే వారం ఫ్లాష్‌లోని మొత్తం విషయాన్ని రెండుసార్లు చదివి, ఆ రెండు ప్రతులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనని తేలాకే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తాను.