కుర్చీలో పడుకున్నవాళ్ళ కాళ్ళు

బీడీఎస్ పట్టా చేతిలో ఉండి, తెనాలిలో మూడేళ్ళు ప్రాక్టీసు చేసి వచ్చినా, ఇంగ్లండులో ఒక పేషెంటు పన్ను మీద నేను స్వయంగా చెయ్యి వేయడానికి నాలుగేళ్ళు పట్టింది. బయటి దేశాల్లో చదివిన పళ్ళ డాక్టర్లు ఇక్కడి జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలంటే సాధారణంగా ఓఆర్ఈ అనే పరీక్ష రెండు భాగాలూ గట్టెక్కాలి. మొదటిది రాతపరీక్ష. రెండోదాంట్లో బొమ్మ తలలో అమర్చిన పళ్ళను అరగదీయడం దగ్గరనుంచి పేషెంటు వేషం వేసిన నటుడితో మాట్లాడడం దాకా అన్నీ చేసి చూపించాలి. రాయాలనుకునేవాళ్ళు ఎక్కువ, సీట్లు తక్కువ కాబట్టి పరీక్ష తేదీ దొరకడమే ఒక పండగ. ఆ ఎదురుచూపులో నాలాంటివాళ్ళు చాలామంది చేసే పనే నేనూ చేశాను: లెస్టర్‌లో ఒక క్లినిక్‌లో డెంటల్ నర్సుగా చేరి, నోట్లో ఊరే నీళ్ళు లాగేసే సక్షన్ గొట్టం పట్టుకుని డాక్టరుకు ఎదురుగా, కుర్చీకి అవతలి పక్కన కూర్చున్నాను.

మొదట్లో అది నాకు నామోషీగానే ఉండేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "హాస్పిటల్లో పని" అని చెప్పేదాన్ని గానీ, ఏం పని అన్నది చెప్పేదాన్ని కాదు. అయితే ఆ అవతలి పక్క నుంచి చూస్తే, డాక్టరుగా ఉన్నప్పుడు నేనెన్నడూ చూడనిది ఒకటి కనిపించింది. డాక్టరు చూపు దీపం వెలుగు పడిన నోటి మీద, ఆ నోట్లోనూ ఒక్క పన్ను మీద ఉంటుంది. నర్సుకు మనిషి మొత్తం కనిపిస్తాడు. నోరు బుద్ధిగా తెరిచి ఉంటుంది, కళ్ళు ప్రశాంతంగా మూసుకుని ఉంటాయి, కాళ్ళు మాత్రం ఒక మడమ మీద ఇంకో మడమ వేసుకుని, కట్టేసినంత బిగువుగా ఉంటాయి. వేసవిలో చెప్పులతో వచ్చినవాళ్ళయితే కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, గోళ్ళ చుట్టూ చర్మం తెల్లబడడం కూడా కనిపించేది. డ్రిల్ ఆగగానే వేళ్ళు విచ్చుకునేవి, మళ్ళీ మొదలవగానే ముడుచుకునేవి. "పేషెంటు బాగా సహకరించాడు" అని డాక్టరు కంప్యూటర్లో రాసుకుంటున్నప్పుడు నేను ఆ వేళ్ళను తలచుకునేదాన్ని.

తెనాలిలో నా దగ్గరికి ఎవరూ ఒంటరిగా వచ్చేవారు కాదు. పెద్దావిడ పిప్పిపన్ను తీయించుకోవడానికి కొడుకు, కోడలు, పక్కింటి పిన్ని కలిసి వచ్చేవారు. కొడుకు తల పట్టుకుంటే కోడలు చెయ్యి పట్టుకునేది, అందరం కలిసి "ఏం కాదు, ఏం కాదు" అనేవాళ్ళం. సూది వేసేముందు "చీమ కుట్టినట్టు ఉంటుందమ్మా" అనడం మాకు మంత్రం చదవడంతో సమానం. ఎంత పెద్ద సూదికైనా అదే చీమ. అవతలి మనిషి నిజంగా భయం తీరి ఊరుకుంటున్నాడా, ఇంతమంది ముందు పరువు పోతుందని ఊరుకుంటున్నాడా అని నేను అప్పట్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇంగ్లండులో పేషెంటు ఒంటరిగా వస్తాడు. చెయ్యి పట్టుకునేవాళ్ళు ఉండరు కాబట్టి ఆ ధైర్యం ఏదో మన పని తీరులోనే ఉండాలి. ఇక్కడా చీమకు బదులు ఒక మాట ఉంది, సూది గుచ్చేముందు "షార్ప్ స్క్రాచ్" అంటారు. కొంచెం గీరుకున్నట్టు ఉంటుందని దాని అర్థం. చీమ కన్నా అది కాస్త నిజాయితీ గల మాటే, కానీ అన్నం చెంచా అంత పొడవున్న సిరంజి కళ్ళెదుట కనిపిస్తుండగా అదీ ఎవరూ నమ్మరు.

పళ్ళ డాక్టరంటే భయం ఇక్కడ చిన్నపిల్లల వ్యవహారం కాదు. 2009లో ఇంగ్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు పెద్దవాళ్ళ మీద జరిగిన దంత ఆరోగ్య సర్వేలో నూటికి 12 మంది తీవ్రమైన భయం ఉన్నవాళ్ళుగా తేలారు. దాన్ని కొలవడానికి ఎండీఏఎస్ అనే అయిదు ప్రశ్నల కాగితం వాడతారు: రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, వరండాలో కూర్చున్నప్పుడు ఎలా ఉంటుంది, పన్ను డ్రిల్ చేస్తారంటే, క్లీనింగ్ చేస్తారంటే, వెనక పై పన్ను చిగురులో మత్తు సూది వేస్తారంటే ఎలా ఉంటుంది. ఒక్కో దానికి అయిదు మార్కులు, మొత్తం 25కి 19 గానీ అంతకు మించి గానీ వస్తే అది తీవ్రమైన భయం కింద లెక్క. భయం గురించి అడిగితే లేని భయం లేపినట్టవుతుందని నేనూ అనుకునేదాన్ని. ఆ కాగితం నింపి ఇచ్చాక "హమ్మయ్య, ఇంక నేను చెప్పక్కర్లేదు" అన్నట్టు భుజాలు దించుకున్నవాళ్ళను చూశాక ఆ అనుమానం పోయింది.

నేను డాక్టరుగా పని మొదలుపెట్టిన యార్క్‌షైర్ పట్టణంలో మొదటి నెలలోనే ఒక లారీ డ్రైవరు వచ్చాడు. అరవయ్యేళ్ళుంటాయి, రెండు చేతులకూ మణికట్టు దాకా పచ్చబొట్లు, గుమ్మం పట్టనంత మనిషి. ఎడమ దవడ వాచిపోయి మూడు వారాలుగా నిద్ర లేకపోయినా, వరండాలో తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ అంచున, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఇలాంటివాళ్ళ కథ విన్నకొద్దీ నాకు ఇక్కడి చరిత్ర ఒకటి అర్థమైంది. అతని చిన్నప్పుడు పిల్లల పళ్ళు తీయాలంటే వీధి క్లినిక్‌లోనే గ్యాస్ ఇచ్చి పూర్తిగా స్పృహ తప్పించేవారు. నల్లటి రబ్బరు మాస్కు ముఖం మీద అదిమిపెట్టేవారు, లేచేసరికి నోటినిండా రక్తం ఉండేది. క్లినిక్‌లలో ఆ పద్ధతి 2001 చివరిదాకా సాగింది, ఆ తరవాతే పూర్తి మత్తును ఆసుపత్రులకు పరిమితం చేశారు. 1968లో ఇంగ్లండు, వేల్స్‌లలో పెద్దవాళ్ళలో నూటికి 37 మందికి నోట్లో సొంత పన్ను ఒక్కటి కూడా లేదంటే, ఆ రోజుల్లో పన్ను తీయడం ఎంత మామూలు సంగతో ఊహించుకోవచ్చు. అతనికి సూదంటే భయం లేదు, ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకున్న మనిషికి సూదేమిటి! రబ్బరు వాసన వస్తే చాలు, అతను ఎనిమిదేళ్ళ పిల్లవాడైపోతాడు. నా గ్లవ్స్ ముఖం దగ్గరికి రాగానే అతని తల దానంతటదే పక్కకు తిరిగింది.

ఆ మొదటి రోజున వాపుకు మందులు రాసిచ్చి, పనిముట్టు ఏదీ ముట్టుకోలేదు. కుర్చీని నిటారుగానే ఉంచి, కోటు కూడా విప్పనక్కర్లేదని చెప్పి, మాట్లాడి పంపించాను. రెండోసారి వచ్చినప్పుడు పెట్టెలోంచి ఒక గ్లవ్ తీసి అతని చేతికిచ్చాను. అతను దాన్ని వాసన చూసి, సాగదీసి, "ఇది ఆ రబ్బరు కాదు" అన్నాడు, నాతో కాదు, తనతోనే. ఇప్పటి గ్లవ్స్ నైట్రైల్‌వి, వాటి వాసన వేరు. పన్ను తీసినంతసేపూ ఆ గ్లవ్ అతని కుడి గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఎడమ చెయ్యి మాత్రం ఖాళీగా ఉండాలి, ఎందుకంటే అది ఆపమని చెప్పే చెయ్యి. డాక్టరు కుడిపక్క కూర్చుంటాడు కాబట్టి పేషెంటు ఎడమ చెయ్యి ఎత్తితే పనిముట్లకు తగలదు. "ఎప్పుడు కావాలన్నా చెయ్యెత్తండి, ఆపుతాను" అని చెప్పడం కాలేజీలో మాకూ నేర్పారు. ఎవరూ నేర్పనిది ఏమిటంటే, భయపడే మనిషి ఆ చేతిని మొదటిసారి నొప్పి కోసం ఎత్తడు. మీరు మాట మీద నిలబడతారా లేదా అని పరీక్షించడానికి ఎత్తుతాడు. అప్పుడు "ఒక్క క్షణం, అయిపోవచ్చింది" అన్నామంటే ఆ క్షణంతోనే మన పని అయిపోయినట్టు. లెస్టర్‌లో సక్షన్ పట్టుకుని కూర్చున్న రోజుల్లో ఆ "ఒక్క క్షణం" ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్న ప్రతిసారీ కుర్చీ అవతలి చివర కాలివేళ్ళు ఇంకాస్త ముడుచుకునేవి. పని మంచి పట్టులో ఉన్నా సరే, నేను చేతులు వెంటనే వెనక్కి తీసి కుర్చీ లేపుతాను. ఒకసారి నిజంగా ఆపితే, రెండోసారి చెయ్యెత్తేవాళ్ళు చాలా తక్కువ.

మిగిలినదంతా చేతిపనే, దాంట్లో గొప్ప రహస్యం లేదు. చిగురును దూదితో తుడిచి ఆరబెట్టాక పైపూత మత్తు జెల్ రాసి, రెండు నిమిషాలైనా ఉండనివ్వాలి. తడి చిగురు మీద రాసి పది సెకన్లకు సూది దించితే అది రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. బుగ్గను బిగువుగా లాగి పట్టుకుని, మందును బొట్టుబొట్టుగా ఎక్కించాలి. నొప్పి ఎక్కువగా పుట్టేది సూది మొన వల్ల కాదు, మందు తొందరగా తోసినప్పుడు లోపల కణజాలం ఉబ్బడం వల్ల. ఇక్కడ సిరంజిలో అమర్చే మత్తుమందు గొట్టంలో, అంటే కార్ట్రిడ్జిలో, 2.2 మిల్లీలీటర్ల మందు ఉంటుంది, నిమిషానికి ఒక మిల్లీలీటరు లెక్కన ఇస్తే రెండు నిమిషాలు దాటుతుంది. తెనాలిలో పెద్ద సీసాలోంచి సిరంజిలోకి లాగి, ఇరవై సెకన్లలో ముగించి, "చూశారా, చీమే కదా" అన్న రోజులు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. డ్రిల్ విషయంలో నేను అంకెలు నమ్ముతాను: "అయిదు లెక్కపెట్టి ఆపుతాను" అని చెప్పి, పైకే లెక్కపెట్టి, అయిదు దగ్గర ఆపేస్తాను. ఎంతసేపో తెలియని పది సెకన్ల కన్నా తెలిసిన అరనిమిషాన్ని మనిషి సులువుగా ఓర్చుకుంటాడు.

వీటన్నిటికీ కావలసింది సమయం, ఇక్కడ కొరతగా ఉన్నదీ అదే. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్యసేవ కింద చేసే పళ్ళ పనిని 2006 నుంచి యూడీఏ అనే యూనిట్లలో కొలుస్తున్నారు: చూసి పంపితే ఒకటి, పన్ను తీసినా, ఒకటి రెండు పళ్ళకు సిమెంట్ పెట్టినా మూడు. లారీ డ్రైవరుతో మాట్లాడుతూ గడిపిన అరగంటకు ఆ లెక్కలో విడిగా గడి లేదు. నెలాఖరున యజమాని నా యూనిట్లు చూసి పెదవి విరిచినప్పుడు నేను చెప్పగలిగిన సమాధానం కూడా ఏమీ లేదు.

మత్తు ఇచ్చి పని ముగించే దారి ఉండనే ఉంది. నరంలోకి మిడాజోలమ్ ఇస్తే పేషెంటు మెలకువగానే ఉండి, మాట వింటూ ఉంటాడు గానీ, తరవాత జరిగినది పెద్దగా గుర్తుండదు, తోడు ఒకరు ఉండి ఇంటికి తీసుకువెళ్ళాలి. అత్యవసరంలో అది వరమే. అయితే గుర్తులేని అనుభవం భయాన్ని తగ్గించదు, ఆ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు అంతే భయంతో వస్తాడు. లండన్ గైస్ ఆసుపత్రిలో ఇలాంటివాళ్ళకు ఆలోచనల మీద పనిచేసే సీబీటీ అనే చికిత్స ఇస్తారు, 130 మంది మీద 2015లో వెలువడిన వాళ్ళ అధ్యయనంలో నూటికి 79 మంది ఇలా నరంలోకి మత్తు ఎక్కించుకోకుండానే పళ్ళ వైద్యం చేయించుకోగలిగారు. అది చదివినప్పుడు నా అరగంట మాటలు మరీ వృథా కాదనిపించింది.

పోయిన ఏడాది కొడుకు దగ్గర ఉంటున్న ఒక గుంటూరు పెద్దావిడ వచ్చారు. కదులుతున్న పై కోరపన్ను తీయాలి. నేను ఏం అడిగినా కొడుకే జవాబు చెబుతున్నాడు. "అమ్మకేం కాదండీ, మీరు కానివ్వండి" అన్నాడు. అచ్చం తెనాలి. ఆయన్ని కాసేపు బయట కూర్చోమని చెప్పి, "పిన్నిగారూ, మీకు దేనికి భయం?" అని తెలుగులో అడిగాను. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందంటారు కదమ్మా, ఉన్నదే ఒక కన్ను" అన్నారు. రెండో కన్నులో చూపు గ్లకోమాతో ఎప్పుడో పోయిందట. కొడుకు ఆ భయాన్ని "పాతకాలపు మాట" అని కొట్టిపారేశాడట. ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ పన్నును "ఐ టూత్" అనే అంటారని చెబితే ఆవిడకు ఆశ్చర్యం వేసింది. చూపుకు సంబంధించిన నరం వేరు, పై పళ్ళకు వచ్చే నరం వేరు అని కాగితం మీద రెండు గీతలు గీసి, అవి ఎక్కడా కలవకపోవడం చూపించాను. "నొప్పి ఉండదని చెప్పను పిన్నిగారూ, సూది గుచ్చుకున్నప్పుడు తెలుస్తుంది, ఆ తరవాత లాగినట్టు ఉంటుంది" అన్నాను. ఆవిడ ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, "కానీ అమ్మా" అన్నారు.

ఈ మార్చిలో నా జ్ఞానదంతం తీయించుకోవలసి వచ్చింది. వేరే ఊళ్ళో, నన్నెరగని డాక్టరు దగ్గరికి వెళ్ళాను, నా వృత్తి ఏమిటో చెప్పలేదు. ఆయన చెప్పినవన్నీ నేను రోజూ చెప్పేవే. కుర్చీ వెనక్కి వాలి, దీపం ముఖం మీదికి వచ్చాక, అవతలి పక్కన కూర్చున్న నర్సు చూపు నా కాళ్ళ వైపు వెళ్ళడం గమనించి, మడమలు విడదీసి సర్దుకున్నాను. ఆయన పన్నును కదిలించే ఎలివేటర్ అనే పనిముట్టును పన్ను పక్కన ఆనించగానే నా ఎడమ చెయ్యి పైకి లేచింది. ఆయన ఆపి, పనిముట్టు ట్రేలో పెట్టి, కుర్చీ లేపి, ఏమైందని అడిగాడు. నిజానికి అప్పుడు నాకు నొప్పేమీ లేదు.